కరకుట్లు, చాపకూడు, మా అత్తయ్య

ఫిబ్రవరిలో ఒక శనివారం మావారి స్నేహితులంతా కలిసి ప్రోగ్రాం పెట్టారు. మూడు కుటుంబాలు, రెండు కార్లు. అడవి పక్కకి వెళ్ళడం, బయటే మాంసం కాల్చుకుని తినడం, రాత్రికి అక్కడే పడుకుని ఆదివారం తిరిగి రావడం. ఎర్రగొండపాలెం దాటాక వాళ్ళలో ఒకరికి బత్తాయి తోట ఉంది. అక్కడ నిలబడితే నల్లమల కొండలు నీలంగా కనిపిస్తాయి. అడవి లోపల నిప్పు రాజేస్తే కేసు పెడతారు కాబట్టి వంటంతా తోటలోనే అనుకున్నారు.

మా అత్తయ్యకి డెబ్బై రెండేళ్ళు. ఆవిణ్ణి ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళలేక వెంట తీసుకెళ్ళాం. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం మీదుగా ప్రయాణం. ఆ నెలలో ఆ దారి ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఒక పక్క పత్తి తీసేసిన చేలల్లో ఎండు కట్టె, ఇంకో పక్క కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. కారు అద్దాలు ఎత్తినా ఘాటు ఆగదు. తుమ్ముతూనే వెళ్ళాం.

తోటలో మగవాళ్ళు గ్రిల్లు స్టాండు బిగిస్తుంటే మా అబ్బాయి వాళ్ళ నానమ్మకి పాఠం చెప్పడం మొదలెట్టాడు. "నానమ్మా, దీన్ని బార్బెక్యూ అంటారు. అమెరికాలో చేస్తారు."

"నీ ఇల్లు బంగారం గానూ! మీ తాతయ్య పొలంలో కాల్చుకు తిన్నప్పుడు అమెరికా ఏ దిక్కున ఉందో ఆయనకేం తెలుసురా?"

"మరి నువ్వూ తిన్నావా?"

"నాకెవరు పెట్టారు? ఇంటికొచ్చేసరికి చల్లారిపోయిన నాలుగు ముక్కలు."

నవ్వుతూనే అని, ఉల్లిపాయలు వలవడానికి కూర్చుంది. నాకు మాత్రం ఆ మాట మనసులోంచి పోలేదు. తిరిగొచ్చాక అటక మీదున్న నా డిగ్రీ నాటి పుస్తకాలు దించాను. బియ్యే తెలుగు చదివి ఏం చేశావని చుట్టాలు అడుగుతూ ఉంటారు కదా, ఇదిగో, ఇలాంటప్పుడు పనికొస్తుంది.

బార్బెక్యూ అన్న మాట నిజంగానే అటు నుంచి వచ్చింది. కరీబియన్ దీవుల్లో టైనో అనే జనం ఉండేవాళ్ళు. వాళ్ళు కర్రలతో మంచెలా కట్టుకునే దాని పేరు స్పానిష్ వాళ్ళ నోట 'బార్బకోవా' అయి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి పోయింది. మాట వాళ్ళది, సరే. కానీ మాంసాన్ని చువ్వకి గుచ్చి నిప్పుల మీద కాల్చడానికి మనకి సొంత మాటే ఉంది, కరకుట్లు. పాత తెలుగులో అలా కాల్చిన మాంసం పేరది. మా లెక్చరర్ ఈ మాటకి అర్థం చెప్పిన రోజు క్లాసంతా నవ్వింది, "కరకరలాడే కుట్లా మేడం?" అని. సంస్కృతంలో శూల్యం, భటిత్రం అన్నారు. అమరకోశంలోకి కూడా ఎక్కాయంటే, అప్పటికే అది అందరికీ తెలిసిన తిండి అన్నమాట.

ఇంకో మాట మన నోళ్ళలో ఇంకా బతికే ఉంది. మన కోస్తా జిల్లాల్లో మేక, పొట్టేలు మాంసాన్ని 'వేటమాంసం' అంటాం. కొట్టులో వరుసలో నిలబడి, కిలో కొట్టించుకుని, ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకున్నా అది వేటమాంసమే.

మాంసం కాల్చడం అనగానే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది తిన్నడు. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' చూడని ఇల్లు మా ఊళ్ళో లేదు. ఆ కథని 13వ శతాబ్దిలో పాల్కురికి సోమన బసవపురాణంలో చెప్పాడు, 16వ శతాబ్దిలో ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో చెప్పాడు. కళ్ళు పెకలించి ఇచ్చిన ఘట్టమే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం అంతకు ముందు సంగతే ఎప్పుడూ ఇష్టం. వేటాడి తెచ్చిన అడవిపంది మాంసాన్ని తిన్నడు నిప్పుల మీద కాలుస్తాడు. ఒక్కో ముక్కా కొరికి రుచి చూసి, బాగున్నవి ఏరి ఆకుదొప్పలో పెట్టుకుని శివుడి దగ్గరికి తీసుకెళతాడు. పూజ చేసే అయ్యగారు వచ్చి ఆ ఎంగిలీ, ఆ ఎముకలూ చూసి గుండెలు బాదుకుంటాడు.

నైవేద్యం పూర్తయ్యేదాకా పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడకూడదని మనకి చిన్నప్పటి నుంచీ చెప్పారు. వాసన కూడా చూడకూడదట. ఉప్పు చూడకుండా వండి, తిన్నవాళ్ళు "ఉప్పు తక్కువైంది" అంటే పడేది మళ్ళీ మనమే. తిన్నడు ముందు రుచి చూసి పెట్టాడు. శివుడికి అదే నచ్చింది. వండేవాళ్ళ బాధ ఆయనకైనా తెలిసిందని నేను అనుకుంటూ ఉంటాను.

ఇక రాజుల సంగతి. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో, 1130 ప్రాంతంలో, మానసోల్లాసం అనే పెద్ద గ్రంథం సంస్కృతంలో రాశాడు. కల్యాణి అంటే ఇవాళ్టి కర్ణాటకలోని బసవకల్యాణ్. రాజు ఎలా ఉండాలో, ఎలా ఆడుకోవాలో, ఏం తినాలో అన్నీ అందులో చెప్పాడు. వనక్రీడలకి ఒక చోటు, అన్నభోగానికి ఇంకో చోటు. మాంసాన్ని ముక్కలు చేసి, చువ్వలకి గుచ్చి, నిప్పుల మీద కాల్చడం కూడా అందులో ఉంది. ఇంగువ ఉంది, ఉప్పు ఉంది, మిరియం ఉంది, పులుపు ఉంది. ఒకటే లేదు. మిరపకాయ.

ఉండదు కూడా. మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వాళ్ళు 16వ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చాక గాని మన దేశం దాని మొహం చూడలేదు. అంటే కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉండి, ఇదే పల్నాడు తిరిగి, ఇక్కడి జొన్నకూడు తినలేక విసుక్కుంటూ చాటువులు చెప్పిన శ్రీనాథుడు జీవితంలో ఒక్క మిరపకాయ కొరకలేదు. గుంటూరు కారం లేని గుంటూరు సీమ! మా అబ్బాయికి చెబితే నమ్మలేదు. బార్బెక్యూ అమెరికాదైతే, దాని మీద మనం పూసిన కారం కూడా ఆ దిక్కుదేనని చెప్పి నోరు మూయించాను.

తిన్నడిది అడవి, సోమేశ్వరుడిది కోట. మన మైదానంలో మామూలు జనం ఎవరి పక్కన కూర్చుని తిన్నారన్నదానికి వస్తే, పల్నాడు చరిత్రలో ఒక ఘట్టం ఉంది, చాపకూడు. 12వ శతాబ్దం చివర జరిగిన పల్నాటి యుద్ధం పేరు చెప్పగానే నాగమ్మ, కోడిపందెం, బాలచంద్రుడు గుర్తొస్తారు. వీళ్ళ వెనక బ్రహ్మనాయుడు పరిచిన చాప ఉంది. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కూడు పెట్టాడు. మాల కన్నమదాసుని సేనాధిపతిని చేశాడు. ఇవాళ్టికీ కార్తీక అమావాస్యకి కారంపూడిలో అయిదు రోజుల వీరారాధన ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకో పేరు. మందపోరు నాడు చాపకూడు పెడతారు.

అదే కార్తీకంలో మనం ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి వెళతాం. అప్పుడు మాంసం ముట్టం, అది వేరే సంగతి. ఆ నెలలో ఏ ఊరి ఫ్లెక్సీలు చూసినా ఫలానా కులం వారి వనభోజనాలు అనే ఉంటుంది. చాప పరిచిన నేల మీదే, చాప పరిచిన నెలలోనే. నాకు చిరాకేస్తుంది. రమ్మన్న చోటికి వెళుతూనే ఉంటాను, అదీ నిజమే.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

మా పుట్టిల్లు నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మిరపకోతల రోజుల్లో పడమటి నుంచి, అంటే మార్కాపురం అవతల నుంచి, కూలీలు కుటుంబాలతో వచ్చేవాళ్ళు. మాకు వర్షాలు పడినా పడకపోయినా సాగర్ కుడి కాలవ ఉంది. 1967లో కాలవకి నీళ్ళు వదిలిన దగ్గర్నుంచీ మా వైపు చేలు ఒక దారి పట్టాయి. ఎగువన నీళ్ళందని మెట్ట ఊళ్ళు అలాగే ఉండిపోయాయి. అందుకే వాళ్ళు వచ్చేవాళ్ళు. చేలోనే గుడారాలు, మూడు రాళ్ళ పొయ్యిలు. రెండు మూడు నెలలు వాళ్ళ వంట, తిండి, స్నానం, పిల్లల్ని నిద్రపుచ్చడం అంతా ఆకాశం కిందే. మనం డబ్బులిచ్చి మరీ వెళుతున్న క్యాంపింగ్ అంటే వాళ్ళకి కొత్త ఏముంటుంది?

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒక ఆదివారం మధ్యాహ్నం కల్లం దగ్గర ఆడుకుంటున్నాను. వాళ్ళలో ఒకావిడ కోడిని కోసుకుని, పులుసుకి వేయగా మిగిలిన కార్జం ముక్కని వేపపుల్లకి గుచ్చి నిప్పుల మీద తిప్పుతోంది. ఉప్పూ కారం రాసింది. వాళ్ళ పిల్లాడికి సగం పెట్టి, మిగతా సగం నా చేతిలో పెట్టింది. మూతి కాలింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అయినా వదల్లేదు. ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికి వెళ్ళేలోపే ఎవరో చెప్పేశారు. మా నానమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. పెరట్లో నిలబెట్టి తల మీద నుంచి రెండు బిందెల నీళ్ళు పోసింది. ఫిబ్రవరి సాయంత్రం, గజగజ వణికిపోయాను. "ఎవరి చేతి కూడు తిన్నావో తెలుసా?" అంది. మర్నాడు కల్లానికి వెళితే ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంది. అంటే ఆవిడకీ సంగతి తెలిసింది. ఏమన్నారో, ఎవరు అన్నారో నాకు తెలియదు. మళ్ళీ ఏ ముక్కా పెట్టలేదు. మా నానమ్మ చెడ్డదని కాదు. పోలేరమ్మ కొలుపు నాడు వేటపోతు కార్జాన్ని నిప్పుల్లో కాల్చి, ఊది ఊది చల్లార్చి నా నోట్లో పెట్టింది కూడా ఆవిడే. అదే కార్జం, అవే నిప్పులు.

డిగ్రీలో చాపకూడు గురించి పరీక్షలో అడిగితే నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి. బిందె నీళ్ళ సంగతి అందులో ఎలాగూ రాయలేం కదా.

నల్లమల పక్కన కూర్చుని మాంసం కాల్చుకుంటూ చెంచుల్ని తలుచుకోకపోతే ఎలా? ఆ అడవి వాళ్ళది. అహోబిలం నరసింహస్వామి కూడా చెంచులక్ష్మిని చేసుకుని వాళ్ళింటి అల్లుడైనవాడే. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త నిజాం రాజ్యం వైపున్న నల్లమలలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. చెంచులంటే విల్లూ బాణం, వేట, కాల్చిన మాంసం అనుకుంటాం. ఆయన చూసింది వేరు. రోజూ కడుపు నింపేది మాంసం కాదు, దుంపలూ పళ్ళూ. గడ్డపార లాంటి కర్రతో వాటిని తవ్వి తెచ్చుకునేవాళ్ళు. మాంసం దొరికిన రోజు పండగ. మన ఇళ్ళలో లాగే. ఆదివారం ఒక్కరోజు మాంసం వండి మగవాళ్ళు గొప్పలు పోతారు, మిగతా ఆరు రోజుల పప్పూ చారూ ఎవరి ఖాతాలోకీ రావు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం అడవుల్ని అభయారణ్యం చేశారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. పులులు బతకాలి, అందులో రెండో మాట లేదు. మా తోటకి అంత దగ్గర్లో పులి తిరుగుతోందంటే పిల్లలకే కాదు, నాకూ ఒళ్ళు జలదరించింది. కాకపోతే తరతరాలుగా అక్కడ కుందేలునో ఉడుమునో కాల్చుకు తిన్నవాళ్ళకి అది నేరమైంది. అడవి అంచుల్లో రిసార్టులు కట్టి ఫారం కోడిని ఇనుప జల్లెడ మీద కాలిస్తే అది సరదా అయింది.

మన ఊళ్ళ పక్కన యానాదులదీ ఇలాంటి కథే. పంట చేలల్లో కలుగులకి పొగబెట్టి ఎలుకల్ని పట్టి రైతు ధాన్యం కాపాడేది వాళ్ళు. ఆ ఎలుకల్ని అక్కడే గట్టు మీద కాల్చుకు తింటే మనం ముక్కు మూసుకుంటాం. పైన చెప్పిన సోమేశ్వర మహారాజు రాసిన వంటల్లో పొలం ఎలుక కూడా ఉంది. రాజుగారు తిన్నప్పుడు ఎవరూ ముక్కు మూసుకుని ఉండరు.

సరే, తోటలోకి వద్దాం. మగవాళ్ళు స్టాండు బిగించారు, బొగ్గుల సంచీ విప్పారు, కిరసనాయిలు లేదు. కాగితాలు పెట్టి గంటసేపు ఊదారు. పొగ వచ్చింది గాని నిప్పు అంటుకోలేదు. పక్క చేలోంచి పత్తికట్టె మోపు తెచ్చి వేశారు. భగ్గున మండి, రెండు నిమిషాల్లో బూడిదైంది. మా అత్తయ్య ఉల్లిపాయలు పక్కన పెట్టి లేచింది.

"పత్తికట్టె మంటకే గాని నిప్పులకి పనికిరాదయ్యా. ఆ చిల్లకంప మొద్దులు పట్రాండి."

చిల్లకంప అంటే మన రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే సర్కారు తుమ్మ. అదీ అమెరికా ఖండాల నుంచే వచ్చింది, 19వ శతాబ్దంలో. ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోతుంది, కానీ బొగ్గుకి దాన్ని మించింది లేదు. తోట కాపలా ఉండే అతని భార్య గొడ్డలి తీసుకుని నాలుగు మొద్దులు కొట్టుకొచ్చింది. వీళ్ళిద్దరూ కలిసి, మంట తగ్గి బూడిద పట్టి లోపల కణకణలాడేదాకా ఆగారు. అప్పుడు పెట్టనిచ్చింది మా అత్తయ్య. పెరుగు, అల్లం వెల్లుల్లి, మన కారం పట్టించిన పొట్టేలు ముక్కలు. కోడిది తర్వాత. నూనె కారి మంట లేస్తే ఉప్పునీళ్ళు చిలకరించింది.

"ఎప్పుడూ చూడలేదన్నావు, ఇదంతా నీకెలా తెలుసు అత్తయ్యా?" అన్నాను.

"చూడకపోతేనేం. మసాలా నూరి, ఉప్పూ కారం మూట గట్టి పంపేది నేనేగా. ఎట్టా కాల్చారో, ఎంతసేపు కాల్చారో మీ మావయ్య వచ్చి రాత్రంతా చెప్పేవాడు. నలభై ఏళ్ళు విన్నా."

మొదటి విడత దిగింది. మగవాళ్ళు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. నేను అలవాటు కొద్దీ పిల్లలకీ వాళ్ళకీ వడ్డిస్తున్నాను. కాపలా అతని భార్య దూరంగా, పాక గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. నేను ప్లేటులో నాలుగు ముక్కలు పెట్టి తీసుకెళ్ళాను. "మీరు తినండమ్మా, మేం ఆనక తింటాంలే" అంది. నేను ప్లేటు అక్కడ అరుగు మీద పెట్టి వచ్చేశాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు. నలభై ఆరేళ్ళొచ్చాయి, తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ మొహం తిప్పుకుంటే ఏం చేయాలో తోచనట్టే.

మా అత్తయ్య చూసింది. మిరపకాయలు ఆరబోసుకునే పట్టా ఒకటి పాక పక్కన మడిచి ఉంటే లాగి, నిప్పుల దగ్గర పరిచింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. "ఏమ్మా, ఆ పళ్ళెం తీసుకుని ఇటు రా. కాల్చింది నువ్వు. ఆనకేంది, చల్లారితే తోలు నమిలినట్టు ఉంటది. నాకు తెలుసు" అని గట్టిగా కేకేసింది. ఆవిడ తటపటాయించింది. వాళ్ళాయన వంక చూసింది. మా అత్తయ్య పట్టా మీద పక్కన చేత్తో తట్టింది. వచ్చి అంచున కూర్చుంది. ఆవిడ కూతురు, ఆరేడేళ్ళది, పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. నేనూ గరిటె మావారి చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నాను.

అత్తయ్య ముక్క నోట్లో పెట్టుకుంది. కాలింది కాబోలు, నోరు తెరిచి హా హా అని ఊదుకుంది. కాసేపు నమిలింది. నిప్పుల వంక చూస్తూ, "వేడిగా ఉంటే ఇట్టా ఉంటదా" అంది.

తర్వాత ఉప్పు కాస్త తగ్గిందని, ఈసారి మసాలా తనే కలుపుతానని చెప్పింది. రెండో విడత మావారు కాల్చారు. ఒక పక్క మాడ్చారు.